నెలసరికి ముందే మరకలు: గర్భం కోసం చూసేవాళ్లు రోజులు లెక్కపెట్టుకోవడం ఎలా

పద్దుల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని, సొంత నెలసరి లెక్క మాత్రం 11 నెలలు తప్పుగా రాసుకున్నాను. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టాక ప్రతి నెలా ఒకటే తంతు. 25వ రోజు గోధుమరంగు మరక, మర్నాడు ఇంకాస్త, 28వ రోజు పొద్దున అసలు పీరియడ్. మరక కనిపించినప్పుడల్లా ఇదే గర్భానికి గుర్తేమో అని ఒక కిట్ వాడేయడం, ఒక్క గీత చూసి పక్కన పడేయడం. నాలుగో నెలకల్లా మా ఆయన "ఏమైంది?" అని అడగడం మానేశారు.

నేను డాక్టర్ని కాను. మందుల సంగతి వాళ్లే చూడాలి. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మన చేతిలో ఉండాల్సిన లెక్క మాత్రం మనమే రాసుకోవాలి. దాన్ని ఎలా రాయాలో, నేను చేసిన తప్పులతో సహా చెప్తాను.

మొదటి రోజు ఏదో ముందు తేల్చుకోండి

ప్యాడ్ పెట్టుకోక తప్పనంత ఎర్రగా, ధారగా అయిన రోజే 1వ రోజు. దానికి ముందు వచ్చే మరకలు పాత నెల ఖాతాలోకే వెళ్తాయి. నేను ఒక నెల మరకనే పీరియడ్ అని రాశాను, ఇంకో నెల రాయలేదు. దాంతో నా సైకిల్ ఒకసారి 24 రోజులు, ఒకసారి 27 రోజులు అని తేలింది. ఫోన్‌లోని యాప్ దాన్నే నమ్మి ఇంకా తికమకపడింది.

మరకలకు వేరే గడి పెట్టుకోండి. రంగు (గోధుమ, గులాబీ, ఎరుపు), తుడుచుకుంటేనే కనిపించిందా బట్టకు అంటిందా, నొప్పి ఉందా. ఈ మూడూ చాలు. "కొంచెం" అని మాత్రం రాయకండి, నెల తర్వాత ఆ కొంచెం ఎంతో మీకే గుర్తుండదు.

అండం ఎప్పుడు విడుదలైందో పట్టుకోవడం

అసలు పని ఇదే. నా యాప్ 27 రోజుల సైకిల్‌లోంచి 14 తీసేసి, 13వ రోజు ఓవ్యులేషన్ (అండం విడుదల) అని చూపించేది. అది నా ఒంటిని చూసి చెప్పింది కాదు, వట్టి తీసివేత. మేమూ ఆ మాట పట్టుకుని 10 నుంచి 14వ రోజు దాకా ప్రయత్నించి, ఇక ఈ నెలకి అయిపోయిందనుకుని ఊరుకునేవాళ్లం.

ఓవ్యులేషన్ కిట్లు తెచ్చి చూస్తే 17వ రోజు గానీ పాజిటివ్ రాలేదు. ఈ కిట్ చదివే పద్ధతి ప్రెగ్నెన్సీ కిట్‌కి పూర్తిగా వేరు. అక్కడ రెండో గీత లేతగా ఉన్నా లెక్కే. ఇక్కడ మాత్రం పరీక్ష గీత, పక్కనున్న కంట్రోల్ గీతంత ముదురుగానో, అంతకన్నా ముదురుగానో ఉండాలి. అది తెలియక మొదటి నెల లేత గీత చూసి సంబరపడ్డాను. పాజిటివ్ వచ్చాక సాధారణంగా 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పరీక్షకు ముందు రెండు గంటలు నీళ్లు బాగా తాగితే మూత్రం పలచబడి గీత తేలిపోతుంది. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నవాళ్లలో, ఈ కిట్ మూత్రంలో పట్టుకునే ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండొచ్చు కాబట్టి ఈ కిట్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

అందుకే దానికి తోడు ఉష్ణోగ్రత. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, మాట్లాడకముందే, రోజూ ఇంచుమించు ఒకే సమయానికి. థర్మామీటర్ చుక్క తర్వాత రెండు అంకెలు చూపించేదైతే మేలు. నాకు ముందు సగంలో 97.2, 97.4 ఇలా ఉండేది. 19వ రోజు 97.8కి ఎక్కి అక్కడే నిలిచింది. అంతకుముందు ఆరు రోజుల అంకెలన్నిటికన్నా పైన వరసగా మూడు రోజులు ఉంటే, అండం విడుదలైపోయినట్టు. గమనించండి, విడుదల అయిపోయిందనే ఇది చెప్తుంది, కాబోతోందని చెప్పలేదు. ప్రయత్నానికి కిట్, రుజువుకి థర్మామీటర్. జ్వరం, నిద్రలేని రాత్రి ఉన్న రోజు పక్కన ఒక గుర్తు పెట్టి వదిలేయండి. రోజూ పొద్దున్నే ఈ అంకెతో టెన్షన్ పడటం నాకూ అలవాటైంది. చివరికి థర్మామీటర్ చూసి రాసే పని మా ఆయనకి అప్పగించాను.

ఇప్పుడు కూడిక

కిట్ 17న, ఉష్ణోగ్రత 19న, కాబట్టి అండం విడుదల 18న అనుకుందాం. మర్నాటి నుంచి, అంటే 19 నుంచి, పీరియడ్ ముందు రోజు 27 దాకా లెక్కపెడితే 9 రోజులు. అదే ల్యూటియల్ ఫేజ్. మరక మొదలైన 25వ రోజు, విడుదల తర్వాత 7వ రోజు. యాప్ నాకు 14 రోజులు రాసిచ్చింది!

అండం బయటికి వచ్చాక అండాశయంలో మిగిలిన సంచి పసుపుపచ్చని చిన్న గ్రంథిగా మారుతుంది. దాని పేరే కార్పస్ ల్యూటియం, లాటిన్‌లో 'పసుపు ముద్ద' అని. అది ప్రొజెస్టరాన్ తయారుచేసి గర్భాశయం లోపలి పొరను నిలబెడుతుంది. పిండం ఆ పొరలో అతుక్కునేది ఎక్కువగా అండం విడుదల తర్వాత 8 నుంచి 10 రోజుల మధ్య. అతుక్కున్నాక అది పంపే హెచ్‌సీజీ హార్మోనే ఆ పసుపు ముద్దను బతికించి ఉంచుతుంది. ఆ కబురు అందేలోపే పొర రాలిపోతే ఎలా అన్నదే ఇక్కడి భయం.

ఈ లోపాన్ని జార్జియానా జోన్స్ అనే అమెరికన్ డాక్టర్ 1949లోనే వర్ణించారు. అయినా వాదన ఇంకా తెగలేదు. 10 రోజులు, అంతకన్నా తక్కువ ఉంటే చిన్న ల్యూటియల్ ఫేజ్ అంటారు. కానీ అదొక్కటే సంతానలేమికి కారణమని రుజువు కాలేదని అమెరికన్ సొసైటీ ఫర్ రీప్రొడక్టివ్ మెడిసిన్ అంటోంది. ఏ సమస్యా లేనివాళ్లకీ అప్పుడప్పుడు ఒక నెల ఇలా రావొచ్చు. కాబట్టి ఒక్క నెల చూసి కంగారుపడకండి. కనీసం మూడు నెలలు రాయండి. మూడింట్లోనూ అలాగే ఉంటే ఆ కాగితం తీసుకుని వెళ్లండి. ప్రయత్నం మొదలై ఏడాది అయ్యేదాకా (35 దాటినవాళ్లకి ఆరు నెలలు) ఆగమనే మాట మామూలు సైకిల్ ఉన్నవాళ్లకి. ప్రతి నెలా మరకలు పడేవాళ్లు అంతకాలం ఆగనక్కర్లేదు.

ఈలోగా మారాల్సింది ప్రయత్నించే రోజులు. గర్భం వచ్చే అవకాశం ఉన్నది అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. నా లెక్కలో 13 నుంచి 18. మేం 14కే ఆపేసేవాళ్లం! మరకల మీద పడి ఏడ్చిన నెలల్లో సగం పొరపాటు ఇక్కడే ఉంది. యోని నుంచి వచ్చే జిగురు పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగడం మొదలైనప్పటి నుంచి కిట్ పాజిటివ్ మర్నాటి దాకా రోజు విడిచి రోజు చాలు. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి, గర్భం వచ్చాక కాదు.

డాక్టర్ దగ్గర

నన్ను మొదట చూసిన చోట '21వ రోజు ప్రొజెస్టరాన్' రాశారు. అలాగే 21న రక్తం ఇచ్చాను. 2.1 వచ్చింది. అండమే విడుదల కాలేదన్నారు. ఆ రాత్రంతా నిద్ర లేదు. తర్వాత పుస్తకం తీసి చూస్తే 21వ రోజు అంటే నాకు విడుదలై మూడు రోజులే. 28 రోజుల సైకిల్‌లో 14న విడుదలయ్యేవాళ్లకే 21 సరిపోతుంది. అడగాల్సింది విడుదల తర్వాత 7వ రోజు పరీక్ష. మళ్లీ 25న ఇస్తే 7.4 వచ్చింది. మిల్లీలీటరుకి 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. అంతకుమించి ఆ అంకెలోంచి అర్థాలు లాగకండి. ప్రొజెస్టరాన్ అలలు అలలుగా విడుదలవుతుంది, గంటల తేడాలోనే చాలా ఎక్కువ తక్కువలవుతుంది.

దాంతోపాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), లోపలి స్కాన్ గురించి అడగండి. థైరాయిడ్ తేడా, ప్రొలాక్టిన్ పెరగడం, బరువు బాగా తగ్గడం, అతి వ్యాయామం, పాలిస్తూ ఉండటం, ఇవన్నీ ఈ రోజుల్ని కుదించగలవు. మరకలకైతే వేరే కారణాలూ ఉంటాయి: పాలిప్, ఫైబ్రాయిడ్, ఎండోమెట్రియోసిస్, గర్భాశయ ముఖద్వారం దగ్గర ఇన్ఫెక్షన్. కలిసిన తర్వాత రక్తం కనిపించినా, వాసనతో తెల్లబట్ట అయినా, పీరియడ్ నొప్పి ఏడాదికేడాది పెరుగుతున్నా మూడు నెలలు రాస్తూ కూర్చోకండి, వెంటనే చూపించుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తం ఇచ్చేముందే చెప్పండి, థైరాయిడ్ అంకెల్ని అది తారుమారు చేయగలదు.

ఇంకొకటి. నేను 11 నెలలు నా ఒంటినే తవ్వుకున్నాను, మా ఆయన వీర్యపరీక్ష ఒక్కటి చేయించాలని ఇద్దరికీ తోచలేదు. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి ఒక్క శాంపిల్ ఇవ్వడమే. ఇది మొదట్లోనే చేయించేయండి.

నాకు టీఎస్‌హెచ్ 6.8 తేలింది. మాత్ర మొదలుపెట్టి, ఆరు వారాలకి మళ్లీ పరీక్షించి డోసు సరిచేశారు. ఆ తర్వాత నా పుస్తకంలో ల్యూటియల్ రోజులు 9, 9, 11, 12. మరకలు మూడు రోజుల నుంచి ఒక రోజుకి తగ్గాయి. అందరికీ థైరాయిడే కారణం కాదు. కొందరికి అండం బాగా ఎదగడానికి లెట్రోజోల్ లాంటివి, కొందరికి విడుదల తర్వాత ప్రొజెస్టరాన్ ఇస్తారు. ఎవరో మిగిల్చిన ప్రొజెస్టరాన్ మాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి. విడుదలకు ముందే మొదలుపెడితే ఆ నెల అండాన్నే అడ్డుకోవచ్చు. వేసుకుంటున్నన్నాళ్లూ పీరియడ్ వెనక్కి పోతుంది కాబట్టి 'తప్పింది' అనుకోవడానికీ లేదు. ఎప్పుడు పరీక్ష చేయాలో, నెగెటివ్ అయితే ఎప్పుడు ఆపాలో ముందే అడిగి రాసుకోండి. బీ6 విటమిన్ పెద్ద మోతాదులో వాడమని నాకు చాలామంది చెప్పారు. దానికి గట్టి ఆధారం లేదు, ఎక్కువ కాలం అతిగా వాడితే నరాలు దెబ్బతింటాయి.

మరక, రెండు గీతలు ఒకే రోజు వస్తే

మరక చూసి గర్భం వచ్చిందనీ చెప్పలేం, రాలేదనీ చెప్పలేం. కిట్ పరీక్ష విడుదల తర్వాత 14వ రోజున చేయండి. నేను 7వ రోజు నుంచే మొదలుపెట్టి పాడుచేసిన కిట్లకి లెక్కలేదు. అండం విడుదలకి హెచ్‌సీజీ ఇంజక్షన్ తీసుకుని ఉంటే తొందరపడి చేసిన పరీక్షలో ఆ మందే గీతగా కనిపిస్తుంది.

నాకు ఆఖరికి 14వ రోజు లేత రెండో గీత, అదే పొద్దున గోధుమరంగు మరక కూడా. ఫోన్ చేస్తే రక్తంలో హెచ్‌సీజీ చూసి, 48 గంటలకి మళ్లీ చూద్దామన్నారు. పాజిటివ్ వచ్చాక రక్తం కనిపిస్తే ఎంత కొంచెమైనా చెప్పాలి. పొట్టలో ఒకవైపు నొప్పి, భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకే వెళ్లాలి, గర్భం ట్యూబులో నిలిచిందేమో తేల్చాలి. ఆ 48 గంటలూ నా పుస్తకంలో పూటపూటకీ ఒకటే మాట ఉంది: "గోధుమ, నొప్పి లేదు." రెండో రిపోర్టులో అంకె రెట్టింపు దాటింది. దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక పేజీ అంచున రాశాను.