తర్వాత ఏ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడాలో నిర్ణయించుకోవడం ఎలా?

లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసిన బాల్డర్స్ గేట్ 3తోనే కంప్యూటర్ రోల్ ప్లేయింగ్ గేములకు (ఒక పాత్రను పెంచుకుంటూ, మీ నిర్ణయాలతో కథను నడిపే ఆటలకు) అలవాటుపడ్డవారు చాలామంది ఉన్నారు. అది పూర్తయ్యాక ఇలాంటిదే ఇంకొకటి కావాలని వెతికితే, ఏ జాబితా చూసినా అవే పేర్లు వరుస మారి కనిపిస్తాయి. ఆ పేర్లలో చెడ్డ ఆటలు తక్కువే. అయితే ఇవి పాతిక గంటల నుంచి వంద గంటలకు పైగా సమయం తినే ఆటలు కాబట్టి, జాబితాలో మొదటి స్థానం చూసి కొనేస్తే పదో గంటలో విసుగొచ్చి మానేసే ప్రమాదం ఉంది. కింది పద్ధతిలో ఒక గంట ఆలోచిస్తే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

మొదట, కిందటి ఆటలో మీరు ఏం చేస్తూ ఎక్కువసేపు గడిపారో, దేన్ని దాటవేశారో ఒక కాగితం మీద రాసుకోండి. నచ్చినవాటి కంటే దాటవేసినవే ఎక్కువ విషయం చెబుతాయని నా అభిప్రాయం. సంభాషణలు పూర్తిగా చదవకుండా బటన్ నొక్కుకుంటూ పోయినవారికి కథాప్రధానమైన ఆట, ఎంత పేరున్నదైనా, భారమే అవుతుంది. ప్రతి పోరాటాన్నీ మాటలతో తప్పించుకోవాలని చూసినవారికి పోరాటాలతో నిండిన ఆట నచ్చదు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఏ సామర్థ్యం తీసుకోవాలా అని అరగంట ఆలోచించినవారు మరో కోవకు చెందుతారు.

రెండో పని, ఆ కాగితాన్ని పట్టుకుని ఆటలను వడపోయడం. పోరాటాలే మీకు నచ్చితే లారియన్ సంస్థే 2017లో తెచ్చిన డివినిటీ: ఒరిజినల్ సిన్ 2 సహజమైన ఎంపిక. నేల మీద నూనె ఒలికించి నిప్పు పెట్టడం, నీటిలో నిలబడ్డ శత్రువులకు విద్యుత్తు తగిలించడం అక్కడ రోజువారీ వ్యవహారం. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి: ప్రతి శత్రువుకూ భౌతిక కవచం, మాంత్రిక కవచం అని రెండు వేర్వేరుగా ఉంటాయి. వాటిలో తగినదాన్ని ముందు కరిగించకపోతే శత్రువును పడదోయడం, గడ్డకట్టించడం లాంటివి పనిచేయవు. కాబట్టి జట్టులో సగంమంది కత్తులతో, సగంమంది మంత్రాలతో చెరోవైపు కొడితే పోరాటం ఎంతకీ తెమలదు.

మాటలే ఇష్టమైనవారు 2019లో వచ్చిన డిస్కో ఎలీసియం చూడాలి. అందులో మామూలు అర్థంలో పోరాటాలే లేవు. జ్ఞాపకశక్తి పోగొట్టుకున్న ఒక డిటెక్టివ్ హోటల్ గదిలో మేల్కొనడంతో ఆట మొదలవుతుంది. అతనికి ఉన్న 24 నైపుణ్యాలూ 24 గొంతులై అతని తలలో వాదులాడుకుంటాయి. ఆరోగ్యానికి పాయింట్లు పెట్టకుండా పాత్రను తయారు చేసుకుంటే, ఆ గదిలోనే, సీలింగ్ ఫ్యాన్‌కు చిక్కుకున్న టైని అందుకోబోయి గుండెపోటుతో ఆట ముగిసిపోవచ్చు. ఈ సంగతి చదివి మీకు నవ్వొస్తే ఆట మీకోసమే. చిరాకేస్తే ఇంకోటి చూసుకోవచ్చు. ఇంగ్లీషు చిక్కగా ఉంటుంది, చదవాల్సింది ఎక్కువ. అయితే 2021లో వచ్చిన ఫైనల్ కట్ అనే కొత్త కూర్పులో దాదాపు అన్ని మాటలకూ గొంతు చేర్చారు కాబట్టి, వింటూ చదువుకునేవారికి కొంత సులువు. దీని తర్వాత వెనక్కి వెళ్లి 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్ ఆడవచ్చు. రచన నేటికీ నిలబడుతుంది గానీ పోరాటాలు మాత్రం, దాచడమెందుకు, పేలవంగా ఉంటాయి. ఆ ఆటలో విజ్డమ్ (వివేకం), ఇంటెలిజెన్స్ (తెలివి) మీద పాయింట్లు పెడితేనే మంచి సంభాషణలు తెరుచుకుంటాయి.

దారి తప్పి తిరగడం ఇష్టమైనవారికి స్కైరిమ్, ద విచర్ 3 అందరికీ తెలిసినవే. రెండోదానిలో కథానాయకుడు ముందే నిర్ణయమైన గెరాల్ట్. సొంత పాత్రను తయారు చేసుకోవడం మీకు ముఖ్యమైతే అక్కడ ఆ సరదా ఉండదు. సామర్థ్యాల లెక్కల్లో మునిగిపోయేవారికి పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ద రైచస్ ఒక సముద్రం. కష్టస్థాయి తగ్గించుకుని మొదలుపెట్టడంలో నామోషీ ఏమీ లేదు.

మూడో అడుగులో పోరాటం నడిచే పద్ధతి చూడాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. బాల్డర్స్ గేట్ 3లో ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా కదులుతారు. పేరు ఒకటే కదా అని 1998 నాటి మొదటి భాగాన్నో, 2000 నాటి రెండో భాగాన్నో తెరిస్తే, అందరూ ఒకేసారి కదులుతుంటారు; మీరు స్పేస్ బార్ నొక్కి కాలాన్ని ఆపి ఆజ్ఞలివ్వాలి. పైగా అవి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట పాత నియమాల మీద నడుస్తాయి కాబట్టి కవచం అంకె ఎంత తగ్గితే అంత రక్షణ. ఇది తెలియక మంచి కవచాన్ని అమ్ముకునే అవకాశం ఉంది. రెండు పద్ధతుల్లో ఏది నప్పుతుందో తేల్చుకోలేనివారికి పైన చెప్పిన పాత్‌ఫైండర్ ఆట అనుకూలం, అందులో పోరాటం మధ్యలో కూడా ఒకదాని నుంచి మరోదానికి మారవచ్చు.

నాలుగోది మీ సమయం, మీ కంప్యూటర్. పని దినాల్లో రాత్రి ఒక గంట మాత్రమే చిక్కేవారు, వారం విరామం వస్తే ఎక్కడ ఆపామో, ఎవరి పని మీద వెళ్తున్నామో మరిచిపోయేంత పెద్ద ఆట ఎత్తుకోకపోవడం మేలు. డిస్కో ఎలీసియం సుమారు పాతిక గంటల్లో ముగుస్తుంది. పెద్ద ఆట తర్వాత వెంటనే మరో పెద్ద ఆట మొదలుపెట్టవద్దని గట్టిగానే చెబుతాను, రెండోదాన్ని మొదటిదానితో పోలుస్తూనే ఆడతారు కాబట్టి. ఇక కంప్యూటర్ విషయానికొస్తే, 150 జీబీ ఖాళీ అడిగే బాల్డర్స్ గేట్ 3ని సాఫీగా నడిపిన యంత్రం ఇక్కడ చెప్పిన మిగతావాటిని కూడా నడుపుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్ ఉన్నవారు ప్లేన్‌స్కేప్, పాత ఫాల్అవుట్ లాంటివాటి వైపు నిశ్చింతగా వెళ్లవచ్చు.

వరుస భాగాలుగా వచ్చిన ఆటల విషయంలో ఒక్కమాట. విచర్ 3ని నేరుగా మొదలుపెట్టినా నష్టం లేదు. మాస్ ఎఫెక్ట్‌ను మాత్రం మొదటి భాగం నుంచే ఆడాలి, అందులోని మీ నిర్ణయాలు మూడో భాగం దాకా వెంట వస్తాయి. 2021లో వచ్చిన లెజెండరీ ఎడిషన్‌లో మూడు భాగాలూ కలిపే దొరుకుతాయి.

చివరగా, మిగిలిన రెండు మూడు పేర్లలో ఒకదాన్ని కొని పరీక్షించండి. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. అలాంటిదే మరో దుకాణం జీఓజీలో ఆ గడువు 30 రోజులు. ఈ ఆటల్లో పాత్ర ముఖం, జుట్టు దిద్దుకోవడానికే గంట పట్టడం మామూలు, అప్పుడు పరీక్షకు మిగిలేది ఇంకో గంటే. అందుకని ఈ విడతకు సిద్ధంగా ఉన్న పాత్రల్లో ఒకదాన్ని తీసుకుని, గడియారం చూసుకుంటూ, ఒక పోరాటమూ ఒక పొడవైన సంభాషణా పూర్తిచేయండి. అక్షరాల పరిమాణం కళ్లకు ఇబ్బందిగా ఉందేమో కూడా అప్పుడే చూసుకోండి, పాత ఆటల్లో ఈ సమస్య ఎక్కువ. గంటన్నర దాటేలోపు నిర్ణయం తీసుకోండి. ఉంచుకోవాలనుకుంటే కొత్త పాత్రతో మళ్లీ మొదలుపెట్టండి. మిగతా పేర్లను విష్‌లిస్ట్‌లో పెట్టి ఉంచితే ధర తగ్గినప్పుడు స్టీమ్ వాళ్లే ఈమెయిల్ పంపుతారు.