‘పోయింది’ అని రాయకండి
బెంగళూరు పీజీలో ల్యాప్‌టాప్ ఎవరో ఎత్తుకెళ్తే, మా తమ్ముడు కంగారులో ఫిర్యాదులో ‘పోయింది’ అని రాశాడు. చేతికొచ్చింది వస్తువు పోగొట్టుకున్నట్టు ఒక రసీదు, అంతే. అది ఎఫ్‌ఐఆర్ కాదు, దాంతో దర్యాప్తు మొదలవదు. దొంగతనమైతే ‘దొంగిలించారు’ అనే రాయండి, వస్తువు విలువ కూడా వేయండి.

పోలీసులు ‘మా పరిధి కాదు’ అన్నా సరే, జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) కట్టమని అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వచ్చు, కాపీ ఉచితం. నోటితో చెప్పి రాయిస్తే, సంతకానికి ముందు చదివి వినిపించాలి. కన్నడ రానివాళ్లు ఇది అస్సలు వదులుకోవద్దు. అప్పటికీ తీసుకోకపోతే అదే ఫిర్యాదు డీసీపీకి పోస్టులో పంపండి.