పాత మారుతి 800 హీటెక్కుతోందా? ముందు నీళ్లు ఎటు పోతున్నాయో పట్టుకోండి

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీదున్న ప్రతి 800 పదేళ్లు దాటినదే, కొన్నిటికి పాతికేళ్లు కూడా నిండాయి. ఆ వయసుకు హోస్ పైపుల రబ్బరు గట్టిపడిపోతుంది, ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. ఎండాకాలంలో టెంపరేచర్ మీటరు ముల్లు పైకెక్కగానే చాలాచోట్ల థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేస్తారు, లేదంటే రేడియేటర్ మార్చమంటారు. ఆ రెండిటికీ ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నీళ్లు తగ్గి బండి హీటెక్కుతోందా, హీటెక్కి నీళ్లు పొంగిపోతున్నాయా? రెండోదే అయితే మీకు కనిపించే కారడం రోగం కాదు, దాని లక్షణం.

దారిలో ముల్లు ఎక్కితే ఏసీ ఆపండి. హీటర్ ఉంటే ఫుల్ వేడి మీద పెట్టి బ్లోయర్ తిప్పండి, అదీ ఒక చిన్న రేడియేటరే. పక్కకు తీసి ఇంజన్ ఆపి బానెట్ ఎత్తండి. కనీసం 45 నిమిషాల దాకా రేడియేటర్ క్యాప్ జోలికి పోకండి. 0.9 అని రాసున్న క్యాప్ లోపల అదనంగా 0.9 బార్ ఒత్తిడి నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. క్యాప్ తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగుస్తాయి. ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే పై హోస్‌ను చేత్తో నొక్కితే మెత్తగా దిగాలి, వేడి తగలకూడదు. క్యాప్ తీయడం ఆ తర్వాతే. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోయడం ఇంకా పెద్ద తప్పు. సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్డు అల్యూమినియంది, వంకర పోతుంది.

ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోండి. నీళ్లు బాగా తగ్గితే టెంపరేచర్ సెన్సార్ గాల్లో తేలిపోతుంది. అప్పుడు ఇంజన్ కాలుతున్నా ముల్లు కిందే ఉండొచ్చు. నడుస్తుండగా ముల్లు ఉన్నట్టుండి పడిపోయినా, హీటర్ నుంచి చల్లగాలి వచ్చినా వెంటనే ఆపండి.

అసలు పరీక్ష మర్నాడు పొద్దున, ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక. ముందు రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరచండి. పొద్దున్నే పొంగిన నీళ్లు చేరే ప్లాస్టిక్ సీసా ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా క్యాప్ తీసి రేడియేటర్‌లో కూడా చూడండి. సీసా నిండుగా ఉండి రేడియేటర్ వెలితిగా ఉంటే తప్పు దాదాపుగా క్యాప్‌దో, సీసాకు వెళ్లే సన్న ట్యూబుదో. చల్లబడేటప్పుడు నీళ్లను వెనక్కి లాగాల్సిన చిన్న వాల్వు క్యాప్ అడుగున ఉంటుంది. అది బిగుసుకుపోయినా, ట్యూబు చీలి గాలి పీల్చినా నీళ్లు తిరిగి రావు. రబ్బరు వాషర్ పగిలితే అదే రేటింగ్ ఉన్న కొత్త క్యాప్ వేయండి. ఇంతకంటే చవకైన రిపేరు ఈ మొత్తంలో లేదు.

అట్ట మీద తడి ఎక్కడ పడిందో చూడండి. ముందు వైపు పడితే రేడియేటర్, కింది హోస్. బెల్టు వైపు పడితే మెకానిక్కులు వాటర్ బాడీ అనే వాటర్ పంపు. ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ దగ్గర పడితే హీటర్ హోసులు. కూలెంట్ పోసిన బండిలో రంగు, జిగురు లేని నీళ్లైతే అవి ఏసీవి. కాళ్ల దగ్గర కార్పెట్ జిగటగా తడిసి, తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపల పొగమంచులా పడితే హీటర్‌లోని చిన్న రేడియేటర్, అంటే హీటర్ కోర్, కారుతున్నట్టే.

అట్ట పొడిగా ఉంటే లీకు లేదని కాదు. చాలా లీకులు ఒత్తిడి ఎక్కినప్పుడే బయటపడతాయి, వేడి ఇంజన్ మీద పడ్డ చుక్క అక్కడే ఆవిరైపోతుంది. దాని జాడ తెల్లగానో పచ్చగానో గట్టిపడ్డ మరకగా మిగులుతుంది. టార్చి పట్టుకుని క్లిప్పుల చుట్టూ, ప్లాస్టిక్ ట్యాంకు రేడియేటర్‌ను పట్టుకున్న మడత పొడవునా, వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గరా వెతకండి. ఆ రంధ్రం నుంచి కారితే పంపు సీలు పోయింది. బెల్టు వదులు చేసి పుల్లీని అటూ ఇటూ ఊపండి, వదులుగా కదిలితే బేరింగ్ కూడా పోయింది. సీలెంట్ పూసి నెట్టుకురాకుండా పంపు మార్చేయండి.

ఇంకా దొరక్కపోతే ప్రెషర్ టెస్టర్ ఉన్న గ్యారేజీకి వెళ్లండి. క్యాప్ స్థానంలో దాన్ని బిగించి చేతిపంపుతో క్యాప్ రేటింగ్ దాకా, అంటే సుమారు 13 పీఎస్ఐ దాకా ఎక్కించి, 15 నిమిషాలు ఆగాలి. అంతకు మించితే పాత రేడియేటర్ అతుకులు విడిపోతాయి. టెస్టర్ ముల్లు దిగుతూ ఉంటే చుక్క ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే నీళ్లు ఇంజన్ లోపలికి పోతుండొచ్చు.

అక్కడ హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే పల్చటి సీలు) పోయిందనే అనుమానం మొదలవుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా బిగుసుకోవడం, క్యాప్ తీసి ఉంచితే బుడగలు ఆగకుండా రావడం, వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, మూడు ప్లగ్గుల్లో ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉండడం గట్టి సాక్ష్యాలు. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనిపించినంత మాత్రాన తీర్పు చెప్పకండి, వానాకాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి అది తేమవల్ల కూడా వస్తుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద కూడా కాఫీ రంగు కనిపిస్తే మాత్రం బండి కదపొద్దు. హెడ్డు విప్పాక గ్యాస్కెట్ మార్చి మూసేయకుండా స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి వంకర చూడమనండి. 0.05 మిల్లీమీటర్ దాటితే లేత్ షెడ్డులో ఫేసింగ్ చేయించి చదును చేయాలి, లేదంటే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు.

లీకు లేకుండానే హీటెక్కుతుంటే ఎప్పుడు ఎక్కుతోందో గమనించండి. సిగ్నళ్ల దగ్గర ఎక్కి, బండి కదిలాక దిగితే ఫ్యాను. హైవే మీద వేగం పెంచినప్పుడు ఎక్కితే రేడియేటర్ మూసుకుపోవడం, పంపు రెక్కలు అరిగిపోవడం, లేదా కింది హోస్ లోపలికి నొక్కుకుపోవడం.

ఫ్యానుకు ముందు ఫ్యూజు చూడండి. ఆ తర్వాత మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటివ్వండి. తిరగకపోతే మోటారు పోయింది. తిరిగితే థర్మో స్విచ్ (వేడెక్కగానే ఫ్యాను వేసే స్విచ్), రిలే, వైరింగ్‌లో చూడాలి. కార్బురేటర్ బండ్లలో రెండు వైర్ల థర్మో స్విచ్ ఉంటే కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు కొసల్ని చిన్న వైరుతో కలిపి, ఇగ్నిషన్ వేయండి. ఫ్యాను తిరిగితే స్విచ్ మార్చాలి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే) బండ్లలో సెన్సార్ వైర్లతో ఈ పని చేయొద్దు, రిలే దగ్గరే పరీక్షించండి.

థర్మోస్టాట్ అనుమానమైతే ఇంజన్ వేడెక్కాక హోసులు తాకి చూడండి. పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే థర్మోస్టాట్ సరిగ్గా తెరుచుకోకపోవచ్చు, లేదా రేడియేటర్ మూసుకుని ఉండొచ్చు. ఏదో తేల్చడానికి థర్మోస్టాట్ ఊడదీసి గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద కాయండి. దాని మీద 82 అని రాసుంటే ఆ వేడికి అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలవ్వాలి, మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. పాడైతే కొత్తది వేయండి, ఖాళీగా మాత్రం వదలకండి. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

కారుతున్న రేడియేటర్‌లో పసుపు వేయడం డ్రైవర్ల పాత చిట్కా. ఊరు చేరడానికి పనికొస్తే పనికొస్తుంది గానీ, ఆ ముద్ద సన్న గొట్టాల్నీ హీటర్ కోర్‌నూ కూడా మూసేస్తుంది. బజారులో దొరికే లీక్ స్టాప్ పొడులూ అంతే.

రిపేరు అయ్యాక లోపల మంచినీళ్లతో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయండి. బోరు నీళ్లు వద్దు, వేర్వేరు రకాల కూలెంట్లు కలపడమూ వద్దు. బండి ముందుభాగం కొంచెం ఎత్తులో నిలిపి, హీటర్ వేడి మీద పెట్టి, క్యాప్ తీసి ఐడిలింగ్‌లో ఉంచండి. పై హోస్ నొక్కుతూ బుడగలు ఆగేదాకా నింపి, క్యాప్ బిగించి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ క్యాప్ తీసి చూస్తే కాస్త తగ్గి ఉండొచ్చు, అది లోపల మిగిలిన గాలి చోటు. నింపి, సీసాలో రెండు గీతల మధ్య ఉంచండి. మూడో రోజు కూడా తగ్గితే లీకు ఇంకా ఉంది.

తీసిన పాత కూలెంట్‌ను వాకిట్లోనో కాలువలోనో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పశువులు తాగుతాయి. తాగితే మూత్రపిండాలు దెబ్బతిని చనిపోవచ్చు. డబ్బాలో పట్టి మూత బిగించి గ్యారేజీలో ఇవ్వండి.