జాతీయవాద పత్రాలు చదవడం – పాఠం 4: ‘మేము’ అన్నది ఎవరితో?

పోస్టర్ల గురించి రాద్దామనుకున్నాను. మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేశాను. 1928 అక్టోబరు 28న, డచ్చివారి పాలనలో ఉన్న బటావియాలో (ఇప్పటి జకార్తా) ఇండోనేషియా యువజనులు చేసిన ప్రతిజ్ఞను తెలుగు చేయమన్నాను కదా. ఎక్కువమంది ‘మనం ఇండోనేషియా బిడ్డలం’ అని మొదలుపెట్టారు. తప్పు మొదటి మాటలోనే ఉంది.

మీరు ఇంగ్లీషు అనువాదం ముందు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో మేముకూ మనంకూ ఒకటే మాట. ఇండోనేషియా భాషకు మూలమైన మలయ్‌లో మనకు లాగే రెండు మాటలున్నాయి. ‘కమి’ అంటే మేము, ‘కిత’ అంటే మనం. ఇంటికి వచ్చిన చుట్టంతో ‘మేము భోంచేస్తాం’ అని చూడండి, ‘మనం భోంచేద్దాం’ అని చూడండి. మొదటి మాటకు ఆయన లేచి చెప్పులు వేసుకుంటాడు. ఉగ్గుపాలతో వచ్చిన ఈ తేడాను ఇంగ్లీషు దారిలో వెళ్లి పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ప్రతిజ్ఞలోని మూడు వాక్యాలూ ‘కమి పుత్ర దాన్ పుత్రి ఇండోనేషియా’ అనే మొదలవుతాయి. పుత్ర, పుత్రి మీకు చెప్పనక్కరలేదు. ‘కమి’ అన్నారంటే వినేవాడు బయట ఉన్నాడని అర్థం. డచ్చి అధికారుల కన్ను పడిన సభ అది. సుప్రత్మాన్, తర్వాత ఇండోనేషియా జాతీయగీతమైన తన పాటను మాటలు లేకుండా వయొలిన్ మీద వాయించింది అక్కడే.

మూడో వాక్యంలో ‘ఒకే భాష’ అని రాసినవారు మళ్లీ చూడండి. ‘ఒకే’ అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే ఉంది: ఒకే నేల, ఒకే జాతి అని. మూడోదానిలో ఉన్నది ‘ఐక్యతా భాషను తలకెత్తుకుంటాం’ అని. జావా భాషను వదిలేస్తామని ఎవరూ అనలేదు. రెండో వాక్యంలోని ‘బంగ్సా’కు మూలం సంస్కృతంలోని వంశమే అయినా ఇక్కడ ‘జాతి’ అనే రాయండి.

నేనైతే ఏ ప్రకటన చేతికొచ్చినా పెన్సిలుతో ముందు సర్వనామాల కింద గీత గీస్తాను. తేదీలు, జెండాలు ఆ తర్వాతే. ఇండోనేషియా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సుకర్ణోను అలా చదవండి. 1945 జూన్ 1న, రాబోయే రాజ్యం ఎలా ఉండాలో తేల్చే సభలో, తనవాళ్ల ముందు ‘కిత’ అన్నాడు. అందరి కోసం అందరూ ఉండే రాజ్యాన్ని మనం కట్టుకుందాం అన్నాడు. ఆగస్టు 17న స్వాతంత్ర్య ప్రకటన చదివినప్పుడు ‘కమి బంగ్సా ఇండోనేషియా’ అన్నాడు. అప్పుడు వినవలసింది లోకం. ఆ ప్రకటన చేతిరాత ప్రతి చివర ‘ఇండోనేషియా జాతి ప్రతినిధులు’ అని ఉంది. టైపు ప్రతిలో అది ‘ఇండోనేషియా జాతి పేరున’ అని మారింది, కింద సుకర్ణో, ఆయన సహచరుడు హట్టాల సంతకాలు. ప్రతినిధి అంటే ఎవరు పంపారని అడగవచ్చు. జాతి పేరున అన్నాక ఆ ప్రశ్నకు చోటు లేదు.

వలస పాలన పోయాక ‘మనం’ బరువెక్కుతుంది. 1975 డిసెంబరులో ఇండోనేషియా సేనలు తూర్పు తిమోర్‌లో దిగాయి. మరుసటి ఏడాది దాన్ని 27వ ప్రావిన్సుగా కలిపేసుకున్నారు. పోర్చుగీసువారి నుంచి అప్పుడే బయటపడుతున్న జనాన్ని అడగకుండానే ‘మనం’లో చేర్చారన్నమాట. 1999 ఆగస్టు 30న ఓటు అడిగినప్పుడు 78.5 శాతం మంది ఇండోనేషియాలో స్వయంప్రతిపత్తి వద్దన్నారు, అంటే విడిపోతామన్నారు. ‘కిత’లో కలిపినవారు ‘కమి’ అని జవాబిచ్చారని నేను చదువుకుంటాను.

అభ్యాసం: మన రాజ్యాంగ పీఠికను తెలుగులో తీయండి, అందులో ‘మేము’ ఉంది. పైడిమర్రి వెంకటసుబ్బారావు 1962లో తెలుగులో రాసిన ప్రతిజ్ఞ తీయండి, అందులో ‘నా’ ఉంది. పీఠికను ‘మనం’తో, ప్రతిజ్ఞను ఒకసారి ‘మేము’తో, ఒకసారి ‘మనం’తో తిరగరాయండి. క్రియలన్నీ మార్చాలి. మూడింటినీ ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించి, ఏ వాక్యం దగ్గర వారు లోపల ఉన్నట్టు, ఏ వాక్యం దగ్గర బయట ఉన్నట్టు అనిపించిందో వారి మాటల్లోనే రాసి పంపండి. ఇంగ్లీషు ప్రతి మాత్రం తెరవకండి.