హైదరాబాద్ మాటలు, 4వ పాఠం: అర్థం అడగడం ఎలా (ఇంకోసారి)

ఈ వారం క్రియలు మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం తర్వాత మీలో చాలామందికి ఎదురైంది చూశాక వాటిని వాయిదా వేస్తున్నాను. "తెలియని మాట వినగానే అడిగేయండి" అన్నాను. అడిగారు, సంతోషం. కానీ మీటింగ్ మధ్యలో, పెళ్లి భోజనాల దగ్గర, పదిమంది ముందు అడిగారు. అందరూ నవ్వేసరికి ఇక అడగనే కూడదని కొందరు నిర్ణయించుకున్నారు. దయచేసి మానకండి.

ఆ మాట అన్నవాళ్లనే, అదే రోజు, విడిగా అడగండి. "ఇందాక లైట్ తీస్కో అన్నావు కదా, అంటే ఏంటి?" ఇంతే. ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. జవాబును ప్రశ్నలోనే పెట్టి అడుగుతున్నారు. ఇది చూస్తే నాకు నిజంగా చిరాకు. "హౌలా అంటే అమాయకుడనే కదా?" అంటారు. ఎదుటివాళ్లు మొహమాటానికి "ఆ, గట్లనే అనుకో" అంటారు. మర్నాడు మీరు ఇంటి ఓనర్‌తో "మీ అబ్బాయి ఉత్త హౌలా అండీ" అని ముద్దుగా అంటారు. ఆయన దృష్టిలో మీరు వాళ్లబ్బాయిని తెలివితక్కువవాడన్నారు. "లొల్లి అంటే కొట్లాటేగా?" అన్నా ఔననే అంటారు. పిల్లల గోల కూడా లొల్లే అని మీకెవరూ చెప్పరు, ఎందుకంటే మీరు అడగలేదు. "లైట్ తీస్కో అంటే పట్టించుకోకు అనేగా?" దీనికి వచ్చే ఔను నిజమే. అయినా టెన్షన్‌లో ఉన్న మేనేజర్‌తో ఆ మాటంటే ఆయన కష్టాన్ని తీసిపారేసినట్టు ఉంటుంది. కాబట్టి మీ ఊహ మీ దగ్గరే ఉంచుకోండి. "అంటే ఏంటి?" అని ఆగండి. తర్వాత, "మీ నాన్నతో ఈ మాట అంటావా?" అని అడగండి. ఏ మాటకైనా నేను అడిగే ప్రశ్న ఇదే. దీనికొచ్చే జవాబులో సగం అర్థం దొరుకుతుంది.

హిందీ వచ్చు కదా అని అడగడం ఆపొద్దు. దక్కనీలో, అంటే హైదరాబాద్ ఉర్దూలో, "పర్సోం" అంటే మొన్నే కానక్కర్లేదు, పోయిన నెల కూడా కావచ్చు. పరేషాన్, దావత్ లాంటివి కుర్రకారు పుట్టించిన మాటలు కావు. నిజాంల చివరి దశాబ్దాల్లో పాలన ఉర్దూలో నడిచింది, 1918లో మొదలైన ఉస్మానియాలో చదువు కూడా ఉర్దూలోనే చెప్పారు. ఇలాంటి మాటలు పెద్దవాళ్లనే అడగండి, ఓపిగ్గా చెబుతారు. కిరాక్ (అదిరింది) లాంటివి కాలేజీ పిల్లలకు వదిలేయండి.

అభ్యాసం: మూడు మాటలు ఎంచుకోండి. ఒక్కో మాటను 25 ఏళ్లలోపు ఒకరిని, 60 దాటిన ఒకరిని అడగండి. ఎవరితో అనొచ్చు, ఎవరితో అనకూడదు, రెండూ రాసుకోండి. ఇద్దరి జవాబులూ కలవకపోతే మూడో మనిషిని అడగండి. ఆ మాటలు మీ నోట మాత్రం ఈ వారం రానివ్వకండి.