వికెట్ ఫారంలో కొట్టిన అంకెలు మాయమవుతుంటే

అపాచీ వికెట్‌లో (జావాతో వెబ్ పేజీలు చేసే ఫ్రేమ్‌వర్క్) ఫారం లోపల లిస్ట్‌వ్యూ (జాబితాని వరుసలుగా చూపించే భాగం), దాని వరుసల్లో టెక్స్ట్‌ఫీల్డులు (టైపు చేసే గడులు) పెడుతున్నారా? లిస్ట్‌వ్యూకి సెట్‌రీయూజ్‌ఐటమ్స్(ట్రూ), అంటే పాత వరుసల్నే మళ్లీ వాడమనే సెట్టింగ్, పెట్టడం మరిచిపోకండి.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి లాట్ల ఎంట్రీ పేజీ చేశాను. గుమస్తాగారు 12 లాట్లు ఎక్కించి, ఒకచోట బరువు గడిలో అంకెకి బదులు ‘తేజ’ అని మిర్చి రకం పేరు కొట్టారు. సేవ్ నొక్కితే ఎర్రగా తప్పు చూపించింది, బాగానే ఉంది. కానీ 12 వరుసలూ ఖాళీ! ‘మళ్లీ మొదటి నుంచీనా అండీ?’ అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాలిడేషన్ (కొట్టినవి సరైనవేనా అనే తనిఖీ) ఫెయిలైతే విలువలేవీ మోడల్‌కి (అసలు డేటా ఉండే చోటికి) చేరవు, కాంపొనెంట్ (ఆ గడి) దగ్గరే ఉంటాయి. లిస్ట్‌వ్యూ ఏమో పేజీ చూపించిన ప్రతిసారీ పాత వరుసల్ని పారేసి కొత్తవి పుట్టిస్తుంది. వాటితోపాటే కొట్టినవీ పోతాయి. ట్రూ పెడితే పాత వరుసలే నిలుస్తాయి. లిస్టులోంచి ఏదైనా లాట్ తీసేసినప్పుడు మాత్రం వరుసలు కొత్తగా పుట్టేలా లిస్ట్‌వ్యూ మీద రిమూవ్‌ఆల్ (పాత వరుసలన్నీ తీసేసే మెథడ్) మనమే పిలవాలి.