బాక్సర్ చేతికి నిజంగా ఎంత వస్తుంది: లెక్క కట్టే పద్ధతి

పెద్ద పోరు ముగిసిన మర్నాడు పత్రికల్లో ఒక అంకె కనిపిస్తుంది. ఫలానా బాక్సర్‌కు మూడు కోట్ల డాలర్లు, ఫలానా వాడికి పది కోట్లు అని. ఆ అంకెను ఒక కాగితం మీద రాసుకుని, పక్కనే ఒక ప్రశ్న కూడా రాయండి: ఇది ఎవరు చెప్పిన అంకె? నేను వృత్తిరీత్యా ఇతరుల జమాఖర్చులు చూసేవాణ్ణి. బాక్సింగ్ అంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఎవరు గెలిచారో తెలిశాక, ఎవరికెంత ముట్టిందో తేలేదాకా నాకు మనసు నిలవదు. ఆ లెక్క ఎలా కట్టాలో చెబుతాను.

అంకె ఎక్కడిదన్నది ముందు తేల్చుకోవాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో, పోరులను పర్యవేక్షించే అథ్లెటిక్ కమిషన్‌కు దాఖలు చేసిన ఒప్పందంలోని హామీ మొత్తం బయటికి వస్తుంది. అది పక్కా అంకే కాని పూర్తి అంకె కాదు. 2013 సెప్టెంబరులో ఫ్లాయిడ్ మేవెదర్, కానెలో అల్వారెజ్ తలపడినప్పుడు కమిషన్ కాగితాల్లో మేవెదర్‌కు 4 కోట్ల 15 లక్షల డాలర్లు, కానెలోకు 50 లక్షల డాలర్లు ఉన్నాయి. టీవీ హక్కుల వాటా కలిస్తే కానెలోకు వచ్చేది కోటి డాలర్లు దాటుతుందని అప్పట్లోనే వార్తలు వచ్చాయి. అంటే అగ్రస్థాయి వాళ్ల విషయంలో కాగితం మీది అంకె అసలు కంటే తక్కువ చూపిస్తుంది. కింది స్థాయి వాళ్ల విషయంలో ఇది తలకిందులవుతుంది. వాళ్లకు హామీ మొత్తం తప్ప మరో ఆదాయం ఉండదు, అందులోంచే అన్నీ పోవాలి.

పైస్థాయిలో అసలు డబ్బు పే పర్ వ్యూ నుంచి, అంటే ఆ ఒక్క పోరును టీవీలో చూడటానికి జనం విడిగా కట్టే రుసుము నుంచి వస్తుంది. 2015 మే 2న మేవెదర్, మానీ పాకియావ్ పోరును అమెరికాలో 46 లక్షల కొనుగోళ్లతో జనం చూశారు. అయితే ఒక్కో కొనుగోలు ధరను కొనుగోళ్ల సంఖ్యతో గుణించి అదంతా బాక్సర్లదే అనుకోకండి. దాదాపు సగం కేబుల్, శాటిలైట్ సంస్థలకు పోతుంది. మిగిలిన దానికి టికెట్ల రాబడి, విదేశీ హక్కులు, స్పాన్సర్ల సొమ్ము చేరుస్తారు. ఖర్చులు తీసేశాక వచ్చేదే పంచుకునే సొమ్ము. ఆ పోరులో మేవెదర్‌కు 60, పాకియావ్‌కు 40 శాతం వాటా. మేవెదర్‌కు అంత రావడానికి మూలం తొమ్మిదేళ్ల ముందు ఉంది. 2006లో అతను ఏడున్నర లక్షల డాలర్లు తన జేబు నుంచే కట్టి తన పోరులు ఏర్పాటు చేసే ప్రమోటర్ అయిన టాప్ ర్యాంక్ సంస్థతో ఒప్పందం తెంచుకున్నాడు. ఆ తర్వాత తన పోరులకు తానే యజమాని అయ్యాడు. బాక్సింగ్ ఆర్థికంలో ఇంతకంటే తెలివైన ఖర్చు నాకు కనిపించలేదు.

ఇద్దరు ప్రమోటర్లు రాజీకి రాకపోతే ఛాంపియన్ బెల్టు ఇచ్చే టైటిల్ సంస్థ పర్స్ బిడ్ పెడుతుంది, పర్స్ అంటే పోరుకు బాక్సర్లకిచ్చే సొమ్ము. ప్రమోటర్లు మూసిన కవర్లలో తమ ధర రాసి ఇస్తారు. ఎవరిది ఎక్కువైతే పోరు వాళ్లది. ఈ లెక్క బయటికి స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. 2022 జనవరిలో టైసన్ ఫ్యూరీ, డిలియన్ వైట్ హెవీవెయిట్ పోరుకు ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ వేసిన బిడ్ 4,10,25,000 డాలర్లు. అందులో పది శాతం, అంటే 41,02,500 డాలర్లు, గెలిచినవాడి కోసం పక్కన పెట్టారు. మిగిలిన 3,69,22,500లో 80 శాతం ఛాంపియన్ ఫ్యూరీకి, 20 శాతం వైట్‌కు. లెక్క వేస్తే ఫ్యూరీ వాటా 2,95,38,000, వైట్ వాటా 73,84,500. ఒకే రింగు, ఒకే రాత్రి, ఒకే ప్రమాదం, నాలుగింతల తేడా! బెల్టు ఎవరి నడుముకు ఉందన్నదే ఈ వాటాను నిర్ణయిస్తుంది.

బస్టర్ డగ్లస్‌ను చూడండి. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్‌ను పడగొట్టిన రాత్రి అతనికి దక్కింది 13 లక్షల డాలర్లు. అదే ఏడాది అక్టోబరులో ఎవాండర్ హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండులో ఓడినప్పుడు సుమారు 2 కోట్ల 40 లక్షలు. జీవితంలోకెల్లా గొప్ప పోరుకు వచ్చినదానికంటే, ఆ వెంటనే వచ్చిన ఓటమికి ఎన్నో రెట్లు ఎక్కువ ముట్టింది.

ఇక కోతలు. దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి. లక్ష డాలర్ల పర్స్ అనుకుందాం, ఇది ఊహాలెక్క. టైటిల్ పోరైతే ఆ బెల్టు సంస్థ తన రుసుముగా సుమారు మూడు శాతం తీసుకుంటుంది. మూడు వేలు పోయాయి. మేనేజర్ వాటా బ్రిటన్‌లో సాధారణంగా 25 శాతం, అమెరికాలో కొన్నిచోట్ల మూడో వంతు దాకా వెళ్తుంది. మనం 25 వేలు వేద్దాం. ట్రైనర్‌కు పది శాతం రివాజు, పది వేలు. రక్తం కారకుండా గాయాలు చూసే కట్‌మ్యాన్‌కు రెండు శాతం, రెండు వేలు. మిగిలింది అరవై వేలు. ఇందులోంచి శిక్షణ శిబిరం ఖర్చు పోవాలి. సాధనలో ఎదురు నిలిచే స్పారింగ్ భాగస్వాములకు రోజువారీ చెల్లింపు, వాళ్ల బస, తిండి, ఫిజియో, ప్రయాణాలు. ఎనిమిది వారాల శిబిరానికి పన్నెండు వేలు అనుకుంటే, చేతిలో ఉన్నది నలభై ఎనిమిది వేలు.

అప్పుడు పన్ను వస్తుంది. అమెరికాలో పోరాడే విదేశీ బాక్సర్‌కు సాధారణంగా మొత్తం పర్స్ మీద 30 శాతం ముందే పట్టుకుంటారు. ఖర్చులు పోగా మిగిలినదాని మీద కాదు, మొత్తం మీద. అంటే ముప్పై వేలు. తర్వాత రిటర్ను దాఖలు చేసి ఖర్చులు చూపిస్తే కొంత వెనక్కి రావచ్చు, కాని అది నెలల తరబడి సాగే పని. ఆలోపు లక్ష డాలర్ల బాక్సర్ పద్దెనిమిది వేలతో ఇల్లు నడుపుతాడు. ఏడాదికి రెండు పోరులు దొరికితే అదృష్టవంతుడు. మధ్యలో చేయి విరిగితే ఒకటే. అందుకే చివరి అంకెను ఎప్పుడూ పన్నెండు నెలలకు పంచి చూడండి.

వైద్య పరీక్షల ఖర్చు వేరే గడిలో రాయాలి. మెదడు స్కాన్, కంటి పరీక్ష, రక్త పరీక్షలు లేకుండా లైసెన్సు రాదు. కొత్త బాక్సర్లు చాలాసార్లు వీటిని సొంతంగానే కట్టుకుంటారు.

కొత్తవాళ్ల లెక్క అసలు వేరు. నాలుగు రౌండ్ల పోరుకు అమెరికాలో కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి, రెండు వేల దాకా ఇస్తారు. బ్రిటన్ చిన్న వేదికల్లో సొంతూరి బాక్సర్ తానే టికెట్లు అమ్మాలి. అమ్మిన డబ్బులోంచి ప్రత్యర్థి రుసుము, ఇతర ఖర్చులు పోగా మిగిలితేనే అతనికి వాటా. బంధువులు, స్నేహితులు కొనకపోతే గెలిచినా సున్నా. ఎదురుగా నిలబడే వాడికి మాత్రం రుసుము ఖాయం. అలా ఎదురుగా నిలబడటమే వృత్తిగా చేసుకున్న పీటర్ బక్లీ 300 పోరులు ఆడి 256 ఓడాడు. క్రిస్టియన్ లైట్ కూడా 300 ఆడి 279 ఓడాడు. ఈ అంకెలు చూసి నవ్వేవాళ్లంటే నాకు కోపం. నాకౌట్ అయితే వైద్య కారణాలతో కొన్ని వారాలు రింగులోకి రానివ్వరు, ఆ వారాల సంపాదన పోతుంది. దెబ్బ తప్పించుకుంటూ చివరి గంట దాకా నిలబడటం వాళ్ల బతుకుతెరువు. అదొక గొప్ప నైపుణ్యం.

మైక్ టైసన్ ముప్పై కోట్ల డాలర్లకు పైగా సంపాదించి 2003లో దివాలా తీసిన కథ అందరూ చెబుతారు. అది చేతికొచ్చాక పోయిన డబ్బు. చేతికి రాకముందే పోయే డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు, దాన్ని ఆపగలిగేది ఒప్పందం మీద సంతకం చేసే రోజు ఒక్కటే.

ఒప్పందం చదివేటప్పుడు అమెరికాలో 2000లో వచ్చిన ముహమ్మద్ అలీ చట్టాన్ని గుర్తుంచుకోండి. దాని ప్రకారం ఆ పోరు నుంచి తనకు ఎంత వస్తుందో, బాక్సర్ నుంచి ఏమేమి కోస్తున్నాడో ప్రమోటర్ బాక్సర్‌కు తెలియజేయాలి. మేనేజర్, ప్రమోటర్ ప్రయోజనాలు ఒకటి కాకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. అయితే ఆ నిబంధన పది రౌండ్లు, అంతకు మించిన పోరుల్లో ఆడేవాళ్లకే వర్తిస్తుంది. నాలుగు రౌండ్లు ఆడే పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఆ రక్షణ లేదు. అందరికంటే ఎక్కువ అవసరం అతనికే.

ఈమధ్య అలాంటి కుర్రాడే తన మొదటి ఒప్పందం తెచ్చి నాకు చూపించాడు. పర్స్ ఎంతో ఉంది. పోరు రద్దయితే ఏమిస్తారో లేదు, పరీక్షల ఖర్చు, ప్రయాణం ఎవరివో లేదు, మేనేజర్ శాతాన్ని ఖర్చులు తీశాక లెక్కిస్తారా, ముందే తీసుకుంటారా అన్నదీ లేదు. ఈ నాలుగూ రాతలో వచ్చేదాకా సంతకం ఆపమన్నాను. మూడింటికి ఒప్పుకున్నారు. రద్దు పరిహారం మీద ఇంకా మాట్లాడుతున్నారు.